మతం కాలమ్‌లో ఏం రాస్తున్నారు?

అప్లికేషన్ నింపేటప్పుడు పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ దాకా చేయి ఆగకుండా పోతుంది. తర్వాత 'మతం' అని ఒక కాలమ్ వస్తుంది. దాని కిందే 'కేటగిరీ'. డ్రాప్‌డౌన్‌లో ఏదో ఒకటి నొక్కేసి ముందుకు వెళ్లిపోతాం. సిలబస్ మీద ఆరు నెలలు పెట్టే మనం ఈ రెండు కాలమ్‌ల మీద ఆరు నిమిషాలు కూడా పెట్టం. తీరా సెలక్ట్ అయ్యాక, సర్టిఫికెట్ వెరిఫికేషన్ టేబుల్ దగ్గర ఈ రెండింటికీ పొంతన కుదరకపోతే అప్పుడు మొదలవుతుంది పరుగు.

మాది చీమకుర్తి. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు పట్టుకుంటే ఇరవై కిలోమీటర్లు. ఏ దేశపు ఎయిర్‌పోర్టులోనైనా బంగారు చుక్కలున్న నల్ల రాయి కాళ్ల కింద కనపడితే అది మా బ్లాక్ గెలాక్సీయేనని ధైర్యంగా చెప్పేయొచ్చు. ఇక్కడి క్వారీల్లో ఒకే క్రేన్ దగ్గర పనిచేసే నలుగురిలో ఒకరు శుక్రవారం మధ్యాహ్నం గంటసేపు నమాజుకు పోతారు. ఒకరు ఆదివారం పనిలోకి రారు. ఒకరు కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని నలభై ఒక్క రోజులు చెప్పులు తొడగరు (రాళ్ల క్వారీలో చెప్పుల్లేకుండా! సేఫ్టీ ఆఫీసరు ఏమంటాడో నాకు తెలీదు). టీ దగ్గర, కూలి దగ్గర, రాయి దుమ్ము దగ్గర వాళ్లకు తేడా లేదు. పిల్లల చదువు, ఉద్యోగం, పెళ్లి దగ్గరికి వచ్చేసరికి మాత్రం దారులు వేరైపోతాయి. అది ఎవరెంత భక్తిగా ఉన్నారన్న దాన్ని బట్టి కాదు, రికార్డులో మతం ఏమని ఉందన్న దాన్ని బట్టి.

ఇంట్లో కొలిచే దేవుడు ఒకటి, కాగితం మీద మతం ఒకటి. ఈ రెండూ కలవని ఇళ్లు మన ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. చర్చిలో ఒక పేరు, పదో తరగతి మెమోలో ఇంకో పేరు ఉన్న ఫ్రెండ్ మీకు ఒక్కరైనా ఉండే ఉంటారు. డేటాబేస్ భాషలో చెప్పాలంటే ఒకే మనిషికి రెండు రికార్డులు. ఇలా ఎందుకయిందో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

కాలువ తవ్విన సర్వేయరు

1866లో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలు వచ్చాడు. ఇంజినీరింగ్ వాళ్లకు నచ్చే విషయం ఏంటంటే, ఆయన మిషన్‌లో చేరకముందు అమెరికాలో సర్వే పని చేసినవాడు. ఒంగోలులో ఆయన మొదట పెట్టిన బడికి పైకులాల పిల్లలు వచ్చేవాళ్లు. ఇంతలో తోళ్ల వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన వెనక మాదిగపల్లెల జనం సంఘంలో చేరడం మొదలుపెట్టారు. వాళ్లను చేర్చుకుంటే మేం రామని పైకులాల వాళ్లు పిల్లల్ని మాన్పించారు. క్లౌ పల్లెల వైపే నిలబడ్డాడు.

1876–78 కరువు వచ్చినప్పుడు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల ముక్కను ఆయన కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేల మందికి ఆ కాలువ పనే కూడు పెట్టింది. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు ముగిశాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మనం బస్సులో దాటిపోయే ఆ గుండ్లకమ్మే!

సంఘంలో చేరేవాళ్లకు ఆయన పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. పైకి మతం మాటల్లాగే ఉంటాయి గానీ, ఒక్కసారి ఉద్యోగం కోణంలో చూడండి. అప్పటిదాకా ఊరి పెద్దలు పిలిస్తే ఏ రోజైనా వెళ్లాల్సిందే. జాతరకు డప్పు కొట్టాల్సిందే. చచ్చిన గొడ్డును లాగాల్సిందే. 'ఆదివారం రాం, జాతరకు డప్పు కొట్టం' అన్నారంటే అది ఊరి మొత్తానికీ పని ఒప్పందాన్ని తిరగరాసినట్టు. అందుకే దెబ్బలు తిన్నారు, బావులు మూయించుకున్నారు. ఈ ప్రాంతంలో వారాంతపు సెలవు కోసం జరిగిన మొదటి పోరాటాల్లో ఇదొకటి అనడానికి నాకేం మొహమాటం లేదు.

ఆ తర్వాత బడి వచ్చింది. పలక పట్టని ఇళ్లలో బైబిలు చదవడం కోసం చదువు మొదలైంది. చదివినవాడు బడిపంతులయ్యాడు, పంతులు కొడుకు గుమస్తా అయ్యాడు. ఆడపిల్లలకు నర్సింగ్ దారి తెరుచుకుంది. గుంటూరులో లూథరన్ మిషన్ డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, 1898లో ఆస్పత్రి తెరిచింది. ఒంగోలులో క్లౌ పేరుతోనే ఆస్పత్రి వచ్చింది. పరాయి మనిషి పుండు కడగడం, కాన్పు చేయడం మైలపని అని పైకులాల ఇళ్లు ఆడపిల్లల్ని పంపని రోజులవి. ఆ ఖాళీలోకి క్రైస్తవ కుటుంబాల అమ్మాయిలు వెళ్లారు. 'ఆ ఇళ్లలో అందరూ నర్సులే' అని తేలిగ్గా అనేస్తుంటారు చూడండి, దాని వెనక ఉన్నది ఈ కథ. ఇవాళ అదే నర్సింగ్‌తో గల్ఫ్, జర్మనీ వెళ్తుంటే మిగతా ఇళ్లవాళ్లూ పిల్లల్ని ఆ కోర్సులో చేరుస్తున్నారు. డాలరు, యూరో వచ్చేసరికి మైల ఎటు పోయిందో!

1950 నాటి ఒక్క పేరా

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి. మీ కేటగిరీ ఇక్కడే తేలుతుంది.

1950లో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందూ మతం కాకుండా వేరే మతం అవలంబించే వ్యక్తిని ఎస్సీగా పరిగణించరాదని దాని సారం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. ఎస్టీలకు ఈ షరతు లేదు. యానాది, ఎరుకల కుటుంబం చర్చికి వెళ్లినా ఎస్టీయే.

మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లు, వాళ్ల సంతానం బీసీ-సీ కిందికి వస్తారు. ఎస్సీలకు 15 శాతం ఉంటే బీసీ-సీకి ఉన్నది 1 శాతం. పైగా కేంద్రంలో ఓబీసీకి క్రీమీలేయర్ పరిమితి ఏడాదికి 8 లక్షలు. ఎస్సీ ఉద్యోగ నియామకాల్లో ఆ పరిమితి లేదు. అంటే ఒకే పల్లెలో, ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న అన్నదమ్ముల పిల్లలు ఒకే పరీక్ష రాసి ఒకే మార్కులు తెచ్చుకున్నా, కటాఫ్ దగ్గర వేర్వేరు లైన్లలో నిలబడతారు.

మన పక్క గుంటూరులోనే దీని మీద పెద్ద కేసు నడిచింది. మాదిగ కులం నుంచి క్రైస్తవంలోకి మారిన తల్లిదండ్రుల కొడుకు ఒకరు 1973లో హిందూ మతంలోకి వచ్చి, గుంటూరు మెడికల్ కాలేజీలో ఎస్సీ సీటుకు దరఖాస్తు చేశారు. పుట్టుకతో హిందువు కాదు కాబట్టి కుదరదన్నారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1976లో అయిదుగురు జడ్జిల ధర్మాసనం విద్యార్థి పక్షానే తీర్పు ఇచ్చింది. తల్లిదండ్రులు క్రైస్తవులైనా, మనిషి తిరిగి హిందూ మతంలోకి వచ్చినప్పుడు ఆ కులంవాళ్లు తమలో ఒకడిగా ఒప్పుకుంటే కులం తిరిగి వస్తుందని చెప్పింది. ఒక మెడికల్ సీటు కోసం వేసిన కేసు, దేశమంతటా ఇలాంటి కుటుంబాలకు దారి చూపే తీర్పు అయింది.

అయితే 'కాగితం మీద మారిపోతే చాలు' అని దీనికి అర్థం చెప్పుకోవద్దు. 2024 నవంబరులో పుదుచ్చేరి కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునంటే, అది రాజ్యాంగాన్ని మోసం చేయడమేనంది. ఆమె క్లర్కు ఉద్యోగానికి ఎస్సీ సర్టిఫికెట్ అడిగారు, చర్చికి వెళ్తూనే ఉన్నారని విచారణలో తేలింది, సర్టిఫికెట్ రాలేదు. 2025లో మన హైకోర్టు, ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసులో ఇంకో మాట చెప్పింది. క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ ఎస్టీ చట్టం రక్షణ వర్తించదని, చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఇంకా రద్దు కాకుండా ఉన్నంత మాత్రాన సరిపోదని.

నా అభిప్రాయం అడిగితే, ఈ మూడో పేరా నాకు న్యాయంగా కనిపించదు. గుడి మారినంత మాత్రాన కులం వదిలిపోతుందన్న లెక్క మీద అది నిలబడింది. కులం వదిలిందా? మన ఊళ్లలో మాలపల్లె చర్చి వేరు, మాదిగపల్లె చర్చి వేరు. ఆదివారం పేపర్లో పెళ్లి ప్రకటనలు తిరగేయండి: 'క్రిస్టియన్ రెడ్డి', 'క్రిస్టియన్ కమ్మ', 'క్రిస్టియన్ మాల'. ఫిరంగిపురం వైపు రెడ్డి, కమ్మ క్యాథలిక్ కుటుంబాలకు మతం వల్ల పోయిందేమీ లేదు, వాళ్లు అప్పుడూ ఓసీ, ఇప్పుడూ ఓసీ. పోగొట్టుకున్నది పల్లె ఒక్కటే. 2023 మార్చిలో రాష్ట్ర అసెంబ్లీ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని తీర్మానం చేసింది. అంతకు ముందు ఏడాది కేంద్రం ఇదే విషయం తేల్చమని జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. ఇటువైపు వాదన కూడా ఉంది: ఇప్పటికే ఉన్న 15 శాతంలోకి కొత్తవాళ్లు వస్తే మా వాటా తగ్గుతుందని హిందూ దళిత యువకులే అడుగుతున్నారు. ఆ భయం కూడా ఉద్యోగాలు తక్కువగా ఉండటం నుంచి వచ్చిందే, కొట్టిపారేయలేం.

మీరు మాత్రం మార్పు వచ్చేదాకా ఆగలేరు, నోటిఫికేషన్ ఇప్పుడే వస్తుంది. ఇప్పుడున్న రూలు ప్రకారం మీ ఇంటి పరిస్థితి ఎటు వస్తుందో అదే రాయండి. ఎవరో బ్రోకరు 'అందరూ ఇలాగే చేస్తారు' అంటే నమ్మకండి. 1993 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం తప్పుడు కుల సర్టిఫికెట్‌ను కలెక్టరు ఎప్పుడైనా రద్దు చేయగలరు. అప్పటికి మీకు పదేళ్ల సర్వీసు ఉండొచ్చు, హోమ్‌లోన్ ఉండొచ్చు.

ఒకే వరసలో మూడు లిస్టులు

ముస్లిం స్నేహితుల సంగతి ఇంకో రకం చిక్కు. మన పత్తి నేలల్లో దూదేకుల వాళ్లు, అంటే నూర్‌బాషాలు, పేరులోనే వృత్తి ఉన్నవాళ్లు. విల్లులాంటి పనిముట్టుతో దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టేవాళ్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఫోమ్ పరుపు వచ్చాక ఆ పని పోయింది, కులం పేరు మిగిలింది. వీళ్లు బీసీ-బీ. పక్కనే నమాజు చేసే షేక్ బీసీ-ఈ. ఆ పక్కన సయ్యద్, పఠాన్ ఓసీ, ఆదాయం తక్కువైతే ఈడబ్ల్యూఎస్. మసీదులో భుజానికి భుజం తగిలించి ఒకే వరస. కౌన్సెలింగ్‌లో మూడు వరసలు.

బీసీ-ఈ 4 శాతం 2007 చట్టంతో వచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చాక, దాని మీదే కొనసాగుతూ వచ్చింది. ఇందులో చాలామందికి తగిలే దెబ్బ ఒకటుంది: రాష్ట్ర బీసీ జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. గ్రూప్స్‌కు పనికొచ్చిన సర్టిఫికెట్ రైల్వేకో బ్యాంకుకో పనికిరాకపోవచ్చు. మీ కులం పేరు కేంద్ర జాబితాలో అక్షరం పొల్లుపోకుండా ఉందో లేదో ముందే చూసుకోండి.

రెజ్యూమెనా, పెళ్లి బయోడేటానా?

క్యాంపస్ జూనియర్ల రెజ్యూమెలు చూస్తుంటే నాకు ఒకటే అనుమానం. ఇది ఉద్యోగానికా, సంబంధానికా? తండ్రి పేరు, మతం, కులం, మ్యారిటల్ స్టేటస్, రంగు ఒక్కటే తక్కువ! ప్రభుత్వ దరఖాస్తులో అడిగింది అడిగినట్టు రాయాల్సిందే. ప్రైవేటు కంపెనీకి ఇవేవీ అక్కర్లేదు. తీసేయండి. ఆ మూడు లైన్ల చోట ఒక ప్రాజెక్టు లింకు పెట్టుకోవచ్చు.

తీసేయమనడానికి కారణం ఉంది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లిష్ పేపర్లలో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో పంపించారు. ఫలితాలు 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చాయి. పైకులపు హిందూ పేరున్న వ్యక్తికి పిలుపు వచ్చే అవకాశాన్ని 1 అనుకుంటే, దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. మార్కులు అవే, డిగ్రీ అదే, పేరొక్కటే తేడా. రాజ్యాంగంలోని 16వ అధికరణ మతం, కులం పేరుతో వివక్ష చూపొద్దని చెప్పేది ప్రభుత్వ ఉద్యోగాల విషయంలోనే. ప్రైవేటు హెచ్‌ఆర్ టేబుల్ దాకా అది రాదు. పేరు మార్చుకోమని నేను చెప్పను. పేరు చూసే కంపెనీ ఎలాగూ దొరుకుతుంది, కోడ్ చూసే కంపెనీ కూడా దొరుకుతుంది. గిట్‌హబ్, పోర్ట్‌ఫోలియో, రిఫరల్ ఇవి పేరు కంటే ముందు కనపడేలా చేసుకోవడం మన చేతిలో ఉన్న పని.

రెండు పేర్లున్నవాళ్లకు ఇంకో మాట. బాప్తిస్మం పేరు లింక్డ్‌ఇన్‌లో, ఇంటి పేరు ఆధార్‌లో, మూడో స్పెల్లింగ్ పదో తరగతి మెమోలో ఉంటే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఆగిపోతారు. పదో తరగతి మెమోలో ఉన్నదే అసలు పేరు అనుకుని మిగతావి దానికి సరిచేసుకోండి. మార్చుకోవాలనుకుంటే గెజిట్ దారి ఉంది. ఆఫర్ లెటర్ వచ్చాక కాదు, ఇప్పుడే.

ఇక ఆదివారం. క్లౌ కాలంలో ఆదివారం పని మానినందుకు దెబ్బలు తిన్నారు, ఇప్పుడు పోటీ పరీక్షలన్నీ ఆదివారమే పెడుతున్నారు. పరీక్షా, ప్రార్థనా అని ఇంట్లో గొడవపడే అమ్మాయిలు నాకు తెలుసు. హాల్‌టికెట్ రాగానే ఇంట్లో చెప్పండి, ముందురోజు సాయంత్రం కూడికకు వెళ్లడానికి చాలామంది పాస్టర్లు అభ్యంతరపెట్టరు.

తాళి కట్టినంత మాత్రాన...

ఉద్యోగం వచ్చిన ఆర్నెల్లకే ఇంట్లో వినపడే మాట పెళ్లి. హైదరాబాదులోనో బెంగళూరులోనో టీమ్‌లో పరిచయమైన మనిషిది వేరే మతం అయితే కథ మారుతుంది. మన ప్రాంతానికి ఇదేం కొత్త కాదు. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా తండ్రి యాదవ, తల్లి మాదిగ. పురాణాల మీద పద్యాలు రాస్తే క్రైస్తవులు తప్పుపట్టారు, కులం చూసి హిందువులు దూరం పెట్టారు. ఆయన కూతురు హేమలత పెళ్లాడింది నాస్తిక ఉద్యమ నాయకుడు గోరా కొడుకు లవణాన్ని. రెండు కుటుంబాలూ ఎదురీతలో ఆరితేరినవే కాబట్టి నిలబడ్డారు. మీ కుటుంబం, మా కుటుంబం అంత గట్టివి కాకపోవచ్చు. కనీసం చట్టమైనా తెలిసి ఉండాలి.

విశాఖ ఫ్యామిలీ కోర్టులో మొదలైన ఒక కేసు చూడండి. 1996లో ఒక క్యాథలిక్ యువకుడు, ఒక హిందూ యువతి గుళ్లో తాళి కట్టి పెళ్లి చేసుకున్నారు. హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ కూడా చేయించారు. మరుసటి ఏడాదే ఆమె కోర్టుకెళ్లారు. 2008లో సుప్రీంకోర్టు ఆ పెళ్లి చెల్లదని తేల్చింది, ఎందుకంటే హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ కాగితం ఉన్నా పెళ్లి లేనట్టే! డిపెండెంట్ వీసా, పీఎఫ్ నామినేషన్, ఆస్తి, పిల్లల రికార్డులు, అన్నీ ఈ ఒక్క కాగితం మీద వేలాడతాయి.

ఎవరి మతం వాళ్లు ఉంచుకుని చేసుకోవాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి, ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనపడేలా పెడతారు. ఇంట్లో తెలియకుండా చేసుకోవాలనుకునేవాళ్లకు ఈ నోటీసే పెద్ద గండం. దాన్ని తప్పించుకోవడానికే హడావుడిగా ఒకరు మతం మారుతుంటారు. ఆ మార్పు రేపు కులం సర్టిఫికెట్ దగ్గర ఏం చేస్తుందో పైన చదివారు కదా. పెళ్లి ఒక్కదాని వల్ల మాత్రం మీ కేటగిరీ మారదు. ఓసీ అమ్మాయి ఎస్సీ, బీసీ అబ్బాయిని చేసుకున్నా రిజర్వేషన్ రాదని 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు బీరువాలోని కాగితాల సంచి దింపండి. మీ టీసీ, నాన్న టీసీ, దొరికితే తాత టీసీ పక్కపక్కన పెట్టి మతం, కులం కాలమ్‌లు చదవండి. తాత టీసీలో 'హిందూ మాదిగ', నాన్నదాంట్లో 'ఇండియన్ క్రిస్టియన్', మీదాంట్లో మళ్లీ 'హిందూ' అని ఉంటే మధ్యలో ఏం జరిగిందో నానమ్మను అడగండి. ఆమె చెప్పేది ఏ పోర్టల్‌లోనూ దొరకదు. తర్వాత తహశీల్దారు ఆఫీసులో మీ పరిస్థితి ఉన్నదున్నట్టు చెప్పి, ఏ సర్టిఫికెట్ వస్తుందో రాతపూర్వకంగా అడగండి. నోటిఫికేషన్ పడ్డాక సచివాలయం ముందు లైను వీధి చివరి దాకా ఉంటుంది, ఇప్పుడైతే ఖాళీ.